గ్వాంగ్‌జౌ ప్రయాణం: వెళ్లేముందు నేర్చుకోవలసిన పాఠం

విద్య కోసం చైనా వరకైనా వెళ్లాలన్న మాట మన సభల్లో తరచూ వినిపిస్తుంది. అది హదీసుగా ప్రచారంలో ఉన్నా, ఆ ఉల్లేఖనం ప్రామాణికం కాదని హదీసువేత్తల్లో చాలామంది చెప్పారు. అయితే ఆ మాట ఎలా ఉన్నా, ఈ రోజుల్లో మన పిల్లలు, మన వ్యాపారులు నిజంగానే చైనాకు వెళ్తున్నారు. కొందరు వైద్య విద్యకు, కొందరు బొమ్మలు, బట్టలు, ఫోను సామాను కొనడానికి వెళ్తారు. వీరిలో ఎక్కువమంది అడుగుపెట్టే ఊళ్లలో గ్వాంగ్‌జౌ ఒకటి.

ఇళ్లలో బంగారం కుదువపెట్టి, చీటీ పాడి వెళ్లేవారు కూడా వీరిలో ఉన్నారు. అటువంటివారికి ఒక చిన్న నియమం తెలియకపోతే పోయేది విహారయాత్ర ఆనందం కాదు, ఇంటిల్లిపాది కష్టార్జితం. అందుకే ఈ సంచికలో ఆ ఊరి గురించి ఒక పాఠం రాస్తున్నాను. వెళ్లేవారు చదివి వెంట పెట్టుకోవచ్చు. వెళ్లనివారు వెళ్లేవారికి చెప్పవచ్చు.

1. ఊరి పరిచయం

గ్వాంగ్‌జౌ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి రాజధాని. పాత పుస్తకాల్లో దీని పేరు కాంటన్. పెర్ల్ నది ఒడ్డున ఉంది. 2020 జనగణన ప్రకారం జనాభా 1 కోటి 86 లక్షలకు పైమాటే.

అరబ్బు వర్తకులు దీన్ని ఖాన్‌ఫూ అని పిలిచేవారు. క్రీ.శ. 851 నాటి అరబ్బీ వర్తక వృత్తాంతంలో ఈ రేవు ప్రస్తావన ఉంది. అక్కడి ముస్లిముల తగవులు తీర్చడానికి చైనా పాలకుడు ఒక ముస్లిమునే న్యాయాధికారిగా నియమించాడని అందులో రాసి ఉంది. అంటే పరాయి వర్తకుడు ఈ ఊరికి కొత్తవాడు కాడు. కానీ ఆనాడైనా ఈనాడైనా ఆ ఊరి చట్టం తెలుసుకుని నడిచినవాడికే అక్కడ గౌరవం.

వాతావరణం మన కోస్తా జిల్లాలను తలపిస్తుంది. ఎండాకాలం ఉక్కపోత ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో వానలు, జులై నుంచి సెప్టెంబరు వరకు తుపాన్ల భయం ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు హాయిగా ఉంటుంది.

ప్రసిద్ధమైన కాంటన్ ఫెయిర్ 1957లో మొదలైంది. ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 15న ఒకటి, అక్టోబరు 15న ఒకటి ప్రారంభమవుతాయి. ఒక్కొక్కటి మూడు విడతలుగా జరుగుతుంది. మొదటి విడతలో యంత్రాలు, ఎలక్ట్రానిక్ సామాను, రెండో విడతలో ఇంటి సామాను, కానుకల సామాను, మూడో విడతలో బట్టలు, బొమ్మలు వంటివి ప్రదర్శిస్తారు. మన సరుకు ఏ విడతలో ఉందో చూసుకోకుండా టికెట్టు కొంటే ఖాళీ చేతులతో తిరిగిరావాలి. ఆ రోజుల్లో హోటళ్ల అద్దెలు బాగా పెరుగుతాయి. ఫెయిర్‌తో పని లేనివారు ఆ తేదీలు తప్పించుకోవడం మంచిది.

2. వీసా: అక్షరం తప్పకూడదు

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ముందుగా వీసా తీసుకునే వెళ్లాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, ఖాళీ పేజీలు ఉండాలి. పర్యాటకులకు ఎల్ వీసా, వ్యాపారులకు ఎం వీసా, చదువుకు ఎక్స్ వీసా. ఏ పనికి వెళ్తున్నామో ఆ వీసానే అడగాలి. కాంటన్ ఫెయిర్‌కు వెళ్లేవారు ఫెయిర్ వారి వద్ద ముందుగా పేరు నమోదు చేసుకుని ఆహ్వాన పత్రం తెప్పించుకోవచ్చు.

ఇక్కడ మూడు విషయాలు గట్టిగా గుర్తుంచుకోవాలి.

మొదటిది. 240 గంటల వరకు వీసా లేకుండా ఉండవచ్చని ఇతర దేశాలవారు చెబుతుంటారు. ఆ సౌకర్యం కొన్ని దేశాలకే ఉంది. ఆ జాబితాలో భారతదేశం లేదు.

రెండోది. గ్వాంగ్‌జౌ నుంచి హాంకాంగ్ రైల్లో గంట దూరమే. సరదాగా చూసి వద్దామనిపిస్తుంది. కానీ వీసా విషయంలో హాంకాంగ్, మకావు వెళ్లడమంటే చైనా నుంచి బయటికి వెళ్లినట్టే. చేతిలో ఉన్నది ఒకసారి ప్రవేశించే వీసా అయితే తిరిగి గ్వాంగ్‌జౌలో అడుగుపెట్టలేము. సామాను హోటల్లో, మనిషి సరిహద్దు అవతల మిగిలిపోతారు. హాంకాంగ్ కూడా చూడాలనుకుంటే రెండుసార్లు ప్రవేశించే వీసా ముందే అడగాలి. హాంకాంగ్ కోసం భారతీయులు ఇంటర్నెట్‌లో ముందస్తు నమోదు కూడా చేసుకోవాలి.

మూడోది. గడువు దాటి ఉండకూడదు. గడువు దాటితే రోజుకు 500 యువాన్ల చొప్పున 10,000 యువాన్ల వరకు జరిమానా వేయవచ్చు. నిర్బంధం కూడా విధించవచ్చు. ఇటీవలి మారకం ప్రకారం 500 యువాన్లంటే సుమారు ఆరు వేల రూపాయలు.

చదువుకు వెళ్లే పిల్లలకు మరొక నియమం ఉంది. ఎక్స్1 వీసాతో దిగినవారు 30 రోజుల్లోగా నివాస అనుమతి పత్రానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కళాశాలవారే చూసుకుంటారులే అని ఊరుకోకుండా మొదటి వారంలోనే అడగాలి.

బస నమోదు కూడా తప్పనిసరి. హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటల్‌వారే చేస్తారు. స్నేహితుల గదిలోనో బంధువుల ఇంట్లోనో దిగితే మాత్రం 24 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషన్లో నమోదు చేయించుకోవాలి. పదహారేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం.

3. సంచిలో ఏమి పెట్టుకోవాలి

భారత, చైనా దేశాల మధ్య 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. కలకత్తా నుంచి గ్వాంగ్‌జౌకు సుమారు నాలుగు గంటల ప్రయాణం. హైదరాబాదు నుంచి వెళ్లేవారు కలకత్తా, ఢిల్లీ మీదుగా గాని, బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా గాని వెళ్లవచ్చు.

- అక్కడి కరెంటు 220 వోల్టులు, దాదాపు మనలాగే, కానీ ప్లగ్గు వేరు. మన గుండ్రటి మూడు కాళ్ల ప్లగ్గు అక్కడ పట్టదు. అడాప్టరు తీసుకెళ్లాలి.
- చైనా లోపల తిరిగే విమానాల్లో 3సీ ముద్ర లేని పవర్ బ్యాంకులను 2025 జూన్ 28 నుంచి అనుమతించడం లేదు. మన దగ్గర కొన్న వాటికి ఆ ముద్ర ఉందో లేదో చూసుకోవాలి.
- రోజూ వాడే మందులు వాటి అసలు పెట్టెల్లోనే, డాక్టరు చీటీతో సహా ఉంచుకోవాలి.
- చాలా మరుగుదొడ్లలో నీటి ఏర్పాటు ఉండదు. కొన్నిచోట్ల కాగితమూ ఉండదు. తహారత్ పాటించే మనకు ఇది పెద్ద ఇబ్బంది. సంచిలో ఒక చిన్న ఖాళీ సీసా, కొంత టిష్యూ కాగితం ఎప్పుడూ ఉండాలి.
- కుళాయి నీరు తాగకూడదు. కాచిన వేడినీరు మాత్రం హోటళ్లలో, రైల్వే స్టేషన్లలో, రైళ్లలో ఉచితంగా దొరుకుతుంది. మూత గట్టిగా ఉన్న ఫ్లాస్కు ఒకటి ఉంటే అటుకులో, ఓట్సో నానబెట్టుకుని ఒక పూట గడుపుకోవచ్చు.
- హోటలు పేరు, చిరునామా చైనా లిపిలో ముద్రించిన కాగితం జేబులో ఉండాలి. ఇంగ్లీషులో రాసిన చిరునామా టాక్సీ డ్రైవర్లలో చాలామందికి అర్థం కాదు.

4. డబ్బు

అక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతోనే చెల్లిస్తారు. కానీ మన ఫోన్‌పే, గూగుల్ పేలను నమ్ముకుని వెళ్లకూడదు. అక్కడ నడిచేవి అలీపే, విచాట్ పే. వీసా, మాస్టర్ కార్డులను వీటికి జతచేసుకునే వీలు విదేశీయులకు ఉంది. ఈ పని ఇంట్లో ఉండగానే పూర్తిచేయాలి. ఎందుకంటే కార్డు జతచేసేటప్పుడు వచ్చే ఓటీపీ మన భారతీయ నంబరుకు వస్తుంది. కార్డుకు అంతర్జాతీయ వాడకం అనుమతి ఉందో లేదో బ్యాంకులో కనుక్కోవాలి. 200 యువాన్లలోపు చెల్లింపులకు అదనపు రుసుము లేదు. అది దాటితే 3 శాతం పడుతుంది. ఒకే ఫోను మీద ఆధారపడకుండా కొంత నగదు, చిన్న నోట్లుగా, వేరే జేబులో పెట్టుకోవాలి. నగదు తీసుకోనని దుకాణదారు అనడం అక్కడి నియమాలకు విరుద్ధం. కాకపోతే చిల్లర ఉండకపోవచ్చు.

వెంట 5,000 డాలర్లకు మించిన విదేశీ నగదు ఉంటే చైనా కస్టమ్స్‌కు చెప్పాలి. యువాన్లయితే 20,000కు మించి తీసుకెళ్లకూడదు.

5. ఫోను, ఇంటర్నెట్టు

చైనాలో గూగుల్, వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్ పనిచేయవు. కొడుకు దిగిన రోజు నుంచి వాట్సాప్‌లో కనబడకపోతే ఇంట్లో తల్లి అన్నం మానేసి కూర్చుంటుంది. ఈ విషయం ఇంట్లోవారికి ముందే చెప్పాలి. భారతీయ సిమ్ముకు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుంటే సాధారణంగా మన యాప్‌లు పనిచేస్తాయి. హోటల్ వైఫైలో పనిచేయవు. ఇంట్లో ఒకరి ఫోనులోనైనా విచాట్ పెట్టించి వెళ్లడం మరో దారి. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ పదకొండున్నర.

అనువాదం చేసే యాప్‌లో చైనా భాషను బయలుదేరేముందే ఫోనులోకి దించుకోవాలి. దారి చూపడానికి గూగుల్ మ్యాప్ బదులు అక్కడి అమాప్ వాడాలి. దానికి ఇంగ్లీషు రూపం కూడా ఉంది.

6. ఊళ్లో తిరగడం

బైయున్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి మెట్రో ఉంది. అది మూడో లైను. టికెట్టు 2 యువాన్ల నుంచి మొదలవుతుంది. ప్రతి స్టేషన్లో సంచులు తనిఖీ చేస్తారు, ఓపికగా ఇవ్వాలి. విమానాశ్రయం లోపలే దగ్గరికి వచ్చి "టాక్సీ, టాక్సీ" అనేవారి వెంట వెళ్లకూడదు. బయట వరుసలో నిలబడి మీటరు టాక్సీ ఎక్కాలి, లేదా దీదీ యాప్‌లో పిలవాలి.

వేగంగా నడిచే రైళ్లకు గ్వాంగ్‌జౌ సౌత్ స్టేషన్ ముఖ్యమైనది. ఇది గ్వాంగ్‌జౌ అన్న పేరుతో ఉన్న పాత స్టేషన్ కాదు. రెండింటికీ మధ్య చాలా దూరం. టికెట్టు మీద స్టేషన్ పేరు పూర్తిగా చదవాలి. రైలు టికెట్టు పాస్‌పోర్టు నంబరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి స్టేషన్‌కు పాస్‌పోర్టు లేకుండా వెళ్తే పని జరగదు.

7. హలాల్ భోజనం

గ్వాంగ్‌జౌ వంటల్లో పంది మాంసం వాడకం చాలా ఎక్కువ. కూరగాయల వంటకంలో కూడా పంది కొవ్వు, వంట సారాయి కలిసే అవకాశం ఉంది. అందువల్ల "మాంసం లేదు" అన్న జవాబుతో తృప్తి పడకూడదు.

అక్కడ హలాల్‌కు వాడే మాట "ఛింగ్ జెన్". ఈ రెండు అక్షరాలు హలాల్ హోటళ్ల బోర్డుల మీద, తరచుగా ఆకుపచ్చ రంగులో, కనిపిస్తాయి. వాటి బొమ్మను ఫోనులో ఉంచుకుంటే బోర్డుతో పోల్చుకోవచ్చు. చింగ్‌హాయ్, గాన్సూ ప్రాంతాల ముస్లిములు నడిపే లాన్‌జౌ నూడుల్స్ హోటళ్లు ఊరంతా ఉన్నాయి. కళ్లముందే పిండి సాగదీసి, గొడ్డు మాంసం పులుసులో వేసి ఇస్తారు. ధర కూడా అందుబాటులో ఉంటుంది. షియావ్‌బెయ్, సాన్‌యువాన్‌లీ ప్రాంతాల్లో అరబ్బు, ఆఫ్రికా, తుర్కీ, ఉయిగూర్ వంటకాల హోటళ్లు ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారు ఈ ప్రాంతాల దగ్గర బస చూసుకుంటే తిండి బెంగ సగం తీరుతుంది.

కొన్ని మాటలు నేర్చుకోవాలి. జూ రౌ అంటే పంది మాంసం. నియు రౌ గొడ్డు మాంసం. యాంగ్ రౌ మేక, గొర్రె మాంసం. జీ రౌ కోడి మాంసం. జూ యౌ పంది కొవ్వు. ఒట్టి "రౌ" అని మాత్రమే ఉంటే దాన్ని సాధారణంగా పంది మాంసంగానే అర్థం చేసుకోవాలి. చైనా భాషలో పలుకుబడి స్వరం మారితే అర్థం మారుతుంది కాబట్టి నోటితో చెప్పడం కంటే రాసి చూపడం మేలు. "నేను ముస్లిమును. పంది మాంసం, పంది కొవ్వు, సారాయి తినను, తాగను" అన్న వాక్యాన్ని చైనా లిపిలో ముద్రించుకుని చూపించాలి.

8. నమాజు, మస్జిదులు

గ్వాంగ్‌జౌ నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా, సుమారు 15 డిగ్రీలు తిరిగి ఉంటుంది. మన హైదరాబాదులో కూడా దాదాపు అదే దిశ. చైనా అంతటికీ ఒకే గడియారం కావడంతో గ్వాంగ్‌జౌలో మిట్టమధ్యాహ్నం సుమారు పన్నెండున్నరకు అవుతుంది. వేళల పట్టికను ఆ ఊరి పేరుతోనే చూసుకోవాలి. 15 రోజులకు తక్కువ ఉండే ఉద్దేశంతో వెళ్లినవారికి హనఫీ మతం ప్రకారం ఖస్ర్ వర్తిస్తుంది.

చూడవలసిన మస్జిదులు రెండు. ఒకటి గ్వాంగ్‌టా వీధిలోని హువాయ్‌షెంగ్ మస్జిద్. ప్రవక్త (సల్లం) వారి స్మరణ అన్నది ఆ పేరు భావం. మెట్రో మొదటి లైనులో షీమెన్‌కౌ స్టేషన్ దగ్గర. దీని మీనారు ఎత్తు సుమారు 36 మీటర్లు. ఒకప్పుడు నదిలో వచ్చే ఓడలకు ఇదే దారి చూపేది. మంటల్లో దెబ్బతిన్న మస్జిదును 1350లో, మళ్లీ 1695లో తిరిగి కట్టారు.

రెండోది యువెషియు పార్కు దగ్గరున్న షియెన్‌షియెన్ మస్జిద్. జుమా రోజున ఇక్కడ అనేక దేశాల ముస్లిములు కలుస్తారు. దీని ఆవరణలో ఉన్న సమాధి హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వారిదని అక్కడివారి నమ్మకం. అయితే ఆయన మదీనా సమీపంలో కన్నుమూసి జన్నతుల్ బఖీలో ఖననమయ్యారని ఇస్లామీ చరిత్రకారులు రాశారు. హువాయ్‌షెంగ్ మస్జిద్ 627లో కట్టారన్న కథనాన్ని కూడా చరిత్రకారులు అంగీకరించరు. తిరిగివచ్చి పిల్లలకు చెప్పేటప్పుడు జనశ్రుతిని జనశ్రుతిగా, చరిత్రను చరిత్రగా చెప్పాలి. అక్కడివారి ఎదుట మాత్రం వాదనకు దిగకుండా సలాం చెప్పి దువా చేసుకోవాలి.

చైనా ముస్లిములు ఇమామును "అహోంగ్" అంటారు. ఇది ఫార్సీ "ఆఖూంద్" నుంచి వచ్చింది. నమాజు వేళలకు కూడా వారిలో ఫార్సీ పేర్లే వాడుకలో ఉన్నాయి. మనం నమాజ్, రోజా అన్నట్టే. భాష తెలియకపోయినా సలాం అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక. మన వాడకానికి ఖుర్ఆన్ ప్రతి తీసుకెళ్లవచ్చు. కానీ మతగ్రంథాలు పంచడం, మతప్రచారం చేయడం విదేశీయులకు అక్కడ నిషిద్ధం. హోటల్ గదుల్లో గుంపుగా కూడి సమావేశాలు పెట్టకుండా, సామూహిక నమాజుకు మస్జిదుకే వెళ్లాలి. పోలీసులను, తనిఖీ స్థలాలను ఫోటో తీయకూడదు.

9. సరుకు కొనేవారికి

మా పాఠశాలలో చదివిన ఒకరు కొన్నేళ్ల క్రితం ఫోను సామాను కోసం బయానా పంపారు. అమ్మినవారు ఇచ్చిన ఖాతా కంపెనీది కాదు, ఒక వ్యక్తిది. సరుకు రాలేదు, డబ్బూ రాలేదు. ఆ అప్పు తీర్చడానికి కుటుంబానికి మూడేళ్లు పట్టింది. కనుక డబ్బు కంపెనీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే, మన బ్యాంకు ద్వారానే పంపాలి. రేటు, సంఖ్య, నాణ్యత, గడువు కాగితం మీద ఉండాలి. నమూనా ఒకటి మన దగ్గర ఉంచుకోవాలి. మిగిలిన సొమ్ము సరుకు తనిఖీ అయ్యాకే ఇవ్వాలి.

మన దేశపు నియమాలు కూడా ముందే తెలియాలి. వ్యాపారానికి దిగుమతి చేయాలంటే ఐ.ఈ. కోడ్ ఉండాలి. యీదె వీధిలో బొమ్మలు చవకగా దొరుకుతాయి. కానీ 2021 జనవరి 1 నుంచి బి.ఐ.ఎస్. ప్రమాణం లేని బొమ్మలను మన దేశంలోకి అనుమతించరు. పేరున్న కంపెనీల నకిలీ సరుకును కస్టమ్స్‌వారు పట్టుకుంటారు. అసలు నకిలీని అసలుగా అమ్మడం హలాల్ సంపాదన కాదన్న సంగతి మనకు ఏ కస్టమ్స్ అధికారీ చెప్పనక్కరలేదు.

దారిలో కలిసి ఇంగ్లీషులో మాటలు కలిపి టీ తాగుదాం రమ్మనే అపరిచితుల వెంట వెళ్లకూడదు. వేల యువాన్ల బిల్లు ముందు పెట్టే మోసం చైనా నగరాల్లో ఉంది.

10. ఆపద వస్తే

పోలీసుకు 110, అంబులెన్సుకు 120, అగ్నిమాపక దళానికి 119. వీసా, నివాస సందేహాలకు 12367కు ఫోను చేస్తే ఇంగ్లీషులో కూడా జవాబిస్తారు. గ్వాంగ్‌జౌలోనే భారత కాన్సులేట్ జనరల్ కార్యాలయం ఉంది. దాని చిరునామా, అత్యవసర నంబరు బయలుదేరేముందే రాసుకోవాలి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు రసీదు తీసుకుని, తరువాత కాన్సులేట్‌కు వెళ్లాలి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఒక జత ఇంట్లో, ఒక జత పెట్టెలో ఉంచాలి. నియమాలు, రుసుములు మారుతుంటాయి గనుక టికెట్టు కొనేముందు రాయబార కార్యాలయం ప్రకటనలు మరోసారి చూడాలి.

పునశ్చరణ

ప్రయాణానికి వారం ముందు ఈ ప్రశ్నలను ఇంట్లోవారి చేత అడిగించుకోండి. అన్నిటికీ వెంటనే జవాబు చెప్పగలిగితేనే పెట్టె సర్దండి.

1. నా వీసాతో చైనాలో ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు? చివరి తేదీ ఏది?
2. స్నేహితుడి గదిలో దిగితే ఎన్ని గంటల్లో, ఎక్కడ నమోదు చేయించాలి?
3. అలీపేలో కార్డు జతచేశానా? అది పనిచేయకపోతే నగదు ఎంత ఉంది?
4. ఇంట్లోవారు నాతో ఏ దారిలో మాట్లాడతారు?
5. హలాల్ వాక్యం, హోటల్ చిరునామా చైనా లిపిలో జేబులో ఉన్నాయా?
6. నేను డబ్బు పంపబోయే ఖాతా ఎవరి పేరున ఉంది?
7. కొనబోయే సరుకు మన దేశంలోకి వస్తుందా?

ఈ ఏడింటిలో ఒక్కటి తేలకపోయినా ప్రయాణం పది రోజులు వాయిదా వేసుకోండి. నష్టం ఏమీ లేదు. ఒంటెను కట్టి ఆపైన తవక్కుల్ చేయడమే మనకు నేర్పిన పద్ధతి. ప్రయాణం చేసే మన పిల్లలందరినీ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.